మా ఆవిడా, తెరచాపా

కాకినాడలో బస్సెక్కితే తాళ్ళరేవుకి గంట పట్టదు. ఆ కాస్త దూరానికి మేమిద్దరం ఒకసారి, తెల్లవారుజాము మొదలు దీపాలు పెట్టేవేళ దాకా, పగలంతా సముద్రం మీద ఉన్నాం. 1968 మే నెల మాట. పెళ్ళయి అప్పటికి పదినెలలు. తెరచాప పడవలో వెళ్దామన్న దివ్యమైన ఆలోచన నాదే సుమండీ.

నేను పుట్టి పెరిగింది కర్నూలు జిల్లాలో. సముద్రమంటూ చూసింది కాకినాడ రేవులో గుమాస్తాగా చేరాకే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, రెండేళ్ళలో రేవు జెండాకొయ్య మీద ఎగరేసే తుపాను సంకేతాలన్నీ, ఒకటో నెంబరు నుంచి పదకొండో నెంబరు దాకా, కంఠతా పట్టేశాను. భోజనాల దగ్గర మా ఆవిడకి అప్పజెప్పేవాణ్ణి కూడాను. ఆవిడ మజ్జిగ పోస్తూ వినేది. ఆవిడది తాళ్ళరేవు. కొయ్య ఓడలు కట్టే ఊరు. వాళ్ళ తాతగారు ఓడలు కట్టించే ఒక షావుకారు దగ్గర లెక్కలు రాసేవారట. పెళ్ళిచూపులనాడు ఎవరో చెబితే విన్నాను. అంతకుమించి నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

వాళ్ళ మామ్మని చూసి రావాలంది. సరే, పడవ మాట్లాడాను. సరంగుకి అరవయ్యేళ్ళుంటాయి. సాయానికి మనవణ్ణి తెచ్చుకున్నాడు. బయల్దేరేముందు జెండాకొయ్య వైపు చూశాను. ఏ సంకేతమూ లేదు. ఇంకేం భయం?

తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు చల్లటి గాలి వీస్తుంది. రాత్రి నేల తొందరగా చల్లారుతుంది, నీళ్ళు చల్లారవు. అంచేత. ఆ గాలి కుడిపక్కనుంచి పట్టుకుని పడవ దక్షిణానికి చప్పుడు లేకుండా జారింది. కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ. ఓడలు దూరంగా లంగరేసుకుని నిలబడితే సరుకు బార్జీల మీద వెళ్ళేది. ఆ ఓడల దీపాలు ఒక్కొక్కటే వెనకబడ్డాయి. తూర్పున హోప్ ఐలాండ్ సన్నటి గీతలా కనిపించింది. గోదావరి మేట వేసిన ఇసకే అది, పది మైళ్ళ పొడుగున అడ్డంగా పడుకుని పెద్ద కెరటాల్ని ఆపుతుంది.

తొమ్మిదింటికల్లా గాలి చచ్చిపోయింది. ఎండ నెత్తిమీద సుత్తితో కొట్టింది. పదకొండుకి సముద్రపు గాలి లేచింది గాని, అది మేం వెళ్ళే దిక్కునుంచే వచ్చింది. ఎదురుగాలికి తిన్నగా పోవడం ఏ తెరచాపకీ చేతకాదు. ఏటవాలుగా ఇటు కొంతదూరం, మళ్ళీ అటు కొంతదూరం. మధ్యాహ్నం మూడయినా ఏటిమొగ దూరంగానే ఉంది.

అప్పుడు ఆ గాలి కూడా పడిపోయింది. వాయవ్య దిక్కున ఆకాశం నేరేడుపండు రంగుకి తిరిగింది. ఎక్కణ్ణుంచో తడిమట్టి వాసన.

"చాప దించేత్తే మంచిదండి బాబుగోరూ," అన్నాడు సరంగు, గొణిగినట్టు.

"ఎందుకోయ్? వెనకగాలే కదా వచ్చేది. అరగంటలో ఒడ్డుకి తోసేస్తుంది," అన్నాను. అతను నోరు మూసుకున్నాడు. రేవు గుమాస్తా మాట కాదంటే రేపు ఏమొస్తుందోనని కాబోలు.

"ఏమండీ, దింపించండి," అంది మా ఆవిడ.

"నీకు తెలీదు, ఊరుకో. సంకేతమేదీ వెయ్యలేదు."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత నన్ను దాటి, "తాతా! దించెయ్. లంగరు ముందునుంచి వెయ్," అంది. ఆ గొంతు నేను మా ఇంట్లో ఎన్నడూ వినలేదు.

చాప చుట్టడం పూర్తికాకుండానే వచ్చిపడింది. ఉరుముల మబ్బు కింద వానతోపాటు చల్లగాలి ధబాలున దిగి, వానకంటే ముందే నాలుగువైపులా పరుగెడుతుందట. నేను తర్వాత చదువుకున్నాను. లోతు లేని నీళ్ళలో కెరటాలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వీపు మీద ఒకటి వస్తాయి. ఇది చదువుకోనక్కర్లేకపోయింది. లంగరు బురదలో పట్టింది. పడవ మూతి గాలికి ఎదురు తిరిగింది. మా ఆవిడ పులిహోర సముద్రంలో బోర్లించి, టిఫిన్ క్యారియరు గిన్నెతో నీళ్ళు తోడింది. నేను కొయ్యని కావిలించుకుని కూచున్నాను. చాపే గనక ఎత్తి ఉంటే... అదలా ఉంచండి.

ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయింది. పోటు ఎక్కుతుంటే మడచెట్ల మధ్యనుంచి ఏటిలోకి వెళ్ళాం. "కోరంగండి," అన్నాడు సరంగు చీకట్లోకి చెయ్యి చూపించి. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ముంచేసిన రేవు అది. ఇలాంటి తుపాన్లని పరిశీలించిన పిడింగ్టన్ అనే దొర 1848లో వాటికి పాముచుట్ట అనే అర్థం వచ్చేటట్టు 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఆ రాత్రి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి చేరాక మామ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి, "అంత గాలిలో చాపతో ఉండిపోలేదు కదే?" అనడిగింది.

"లేదు మామ్మా. ఈయన ముందే దింపించేశారు," అంది మా ఆవిడ తల తుడుచుకుంటూ.

మామ్మ నావైపు కొత్తగా చూసి, అన్నంలో ఇంకో గరిటెడు నెయ్యి వేసింది. నేను తిన్నాను.

ఇప్పటికి యాభై ఏళ్ళు దాటాయి. అత్తవారి వైపు నాకు గాలి తెలిసిన అల్లుడని పేరు నిలిచిపోయింది. నేను కాదనలేదు, ఆవిడా అనలేదు. మొన్న సెలవలకొచ్చిన మనవడు, "తాతయ్యా, గాలి వస్తుందని నీకెలా తెలిసింది?" అనడిగాడు. మా ఆవిడ మెంతికూర వలుస్తోంది. తలెత్తకుండానే, "మీ తాతయ్యకి అన్నీ తెలుసురా," అంది.

ఈ పత్రిక మా ఇంట్లో ముందు చదివేది ఆవిడే.