కథలోని జంట విడిపోయినపుడు

గడచిన వేసవి సెలవులకు ముందు మన పఠనమందిరమున నొక చిన్న సంగతి జరిగినది. పుస్తకములను లెక్కించి బీరువాలలో సర్దుచుండగా, లూయీసా మే ఆల్కాట్ రచించిన ‘లిటిల్ విమెన్’ అను నవలలో కొన్ని పుటలు కానరాలేదు. అవి చిరిగిపోయినవి కావు. బ్లేడుతో అంచు వెంబడి మిక్కిలి శ్రద్ధగా కోసి తీసినవి. పోయినవి యే పుటలో చూడగా, లారీ అను యువకుడు ఎయిమీ అను యువతిని పెండ్లాడ నిశ్చయించుకొను ఘట్టమని తేలినది. రెండు దినములు గడచిన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తనంతట తానే వచ్చి, “ఆ పని చేసినది నేనే, టీచరుగారూ” అని యొప్పుకొన్నది. ఎందులకమ్మా అని యడుగగా, “లారీ జోనే పెండ్లాడవలెనండీ. అది చదివిన తరువాత మూడు దినములు నాకు అన్నము సయింపలేదు” అని కన్నీరు పెట్టుకొన్నది.

విన్నవారిలో కొందరు నవ్విరి, కొందరు కోపించిరి. మేము మొదట రెండును జేసితిమి, పిదప ఆలోచించితిమి. ఆ యాలోచనమునే యిచ్చట విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

ఆ నవలను చదువనివారికి కథ కొంచెము చెప్పవలసియున్నది. మార్చి అను నింటి పేరుగల యొక బీద కుటుంబమున మెగ్, జో, బెత్, ఎయిమీ యని నలుగురు అక్కచెల్లెండ్రు. వారిలో జో కోపిష్ఠి, చదువరి, కథలు వ్రాయునది. ప్రక్కయింటి ధనికుని మనుమడు లారీ. జోయు లారీయు చిన్ననాటినుండి కలసి ఆడుకొని, పోట్లాడుకొని, మరల కలసికొన్న స్నేహితులు. వారిరువురు దంపతులగుదురని తలపని పాఠకుడు అరుదు. మొదటి భాగము 1868 లో బోస్టను నగరమున వెలువడినది. వెంటనే బాలికలు గ్రంథకర్త్రికి జాబులు వ్రాయ నారంభించిరి: జోకు లారీతో పెండ్లి యగునా, ఎప్పుడగును? 1869 లో రెండవ భాగము వచ్చెను. అందు లారీ తన మనస్సు విప్పి చెప్పగా జో నిరాకరించును. అతడు ఐరోపాఖండమునకు బోయి, వెవే యను నూరి సరస్సుపై పడవ నడుపుచు, జో చెల్లెలగు ఎయిమీని వరించును. జో తుదకు తనకంటె పెద్దవాడును, నిరుపేదయు నగు భాయర్ అను జర్మను ఆచార్యుని చేపట్టును.

ఆల్కాట్ ఇట్లేల చేసెను? పెండ్లియే స్త్రీ జీవితమునకు పరమావధి యన్నట్లు బాలికలు ప్రశ్నించుట ఆమెకు విసుగు కలిగించినది. ఎవరి సంతోషమునకై నను జోను లారీకి ఇయ్యనని తన దినచర్య గ్రంథమున వ్రాసికొన్నది. జో అవివాహితయై రచయిత్రిగానే యుండవలెనని ఆమె కోరిక. అయినను పాఠకురాండ్ర ఒత్తిడి మితిమీరుటచే, కొంత భయమునను, కొంత పంతమునను, హాస్యాస్పదమైన యొక సంబంధము కుదిర్చితినని తరువాత నొక జాబులో ఒప్పుకొన్నది. ఆమె తాను పెండ్లి చేసికొనలేదు. 1888 లో మరణించువరకు కలముతోనే కుటుంబమును పోషించినది. కావున జో పెండ్లి గూర్చిన తగవు ఆమెకు కేవలము కథలోని తగవు కాదు, తన జీవితమును గూర్చిన తగవే.

గ్రంథకర్తలతో పాఠకులు ఇట్లు వాదులాడుట ఆమెతో పుట్టినది కాదు. రిచర్డుసన్ అను ఆంగ్ల నవలాకారుడు ‘క్లారిస్సా’ యను మహాగ్రంథమును 1747, 1748 సంవత్సరములలో భాగములుగా ప్రకటించుచుండగా, కథానాయిక చావబోవుచున్నదని విని లేడీ బ్రాడ్షా యను నామె మారుపేరుతో నతనికి జాబులు వ్రాసి, దుష్టుడైన లవ్‌లేసును సంస్కరించి యామెకిచ్చి పెండ్లి చేయుమని బతిమాలినది. రిచర్డుసన్ అంగీకరింపలేదు. ఆమె సోదరియగు లేడీ ఎక్లిన్ మాత్రము బతిమాలి యూరకుండక, కథకు వేరొక ముగింపును తానే వ్రాసికొన్నది. అది 1982 వరకు అచ్చుకాకుండ వ్రాతప్రతిగానే నిలిచియుండెను.

డికెన్సు మహాశయుడు ఇందుకు భిన్నముగా నడచెను. ‘గ్రేట్ ఎక్స్పెక్టేషన్స్’ నవలను ఆయన మొదట ముగించినప్పుడు పిప్, ఎస్టెల్లాలు లండను వీధిలో క్షణకాలము కలసికొని విడిపోవుదురు. మిత్రుడగు బుల్వర్ లిట్టన్ అది కఠినముగా నున్నదనగా, 1861 లో ఆయన దానిని మార్చి, పాడుబడిన తోటలో వారిరువురిని చేయిచేయి పట్టించి పంపెను. డికెన్సు మరణానంతరము, ఆయన జీవితచరిత్ర వ్రాసిన ఫార్‌స్టరు తొలి ముగింపును వెల్లడించెను. నాటినుండి నేటివరకు ఏది మేలైనదని పండితులు వాదించుచునే యున్నారు. మిత్రుని మాట మన్నించినను తగవు తీరలేదు.

షేక్స్పియరు నాటకమునకు పట్టిన గతి మరింత విచిత్రము. ‘లియరు రాజు’ తుదిని కార్డీలియా మరణించుట సహింపలేక, నేహమ్ టేట్ అను కవి 1681 లో నాటకమును తిరుగవ్రాసి, ఆమెను బ్రదికించి ఎడ్గారుతో పెండ్లి నిశ్చయించెను. ఇంగ్లండు రంగస్థలమున సుమారు 150 సంవత్సరములు ఆ మార్పు పాఠమే రాజ్యమేలినది. 1838 లో మాక్రెడీ యను నటుడు షేక్స్పియరు పాఠమును మరల రంగమెక్కించెను. నేడు టేట్ నాటకమును చరిత్ర పాఠమునకై తప్ప చదువువారు లేరు.

మన దేశమునకు వత్తము. వాల్మీకి పేర నున్న ఉత్తరకాండమున సీత భూమిలో ప్రవేశించును, రాముడు ఒంటరియగును. ఆ యెడబాటు ఎన్ని తరములవారిని బాధించినదో చెప్పనలవి కాదు. మన తెలుగుదేశమున ‘లవకుశ’ చలనచిత్రమును 1963 లో చూచినవారు తుదిఘట్టమున కంట తడిపెట్టిన సంగతి తాతలను, అవ్వలను అడిగిన తెలియును. ఎనిమిదవ శతాబ్దమున భవభూతి యను మహాకవి ఆ బాధనే పట్టి ‘ఉత్తరరామచరితము’ అను ఏడంకముల నాటకమును రచించెను. కడపటి యంకమున రాముని యెదుట అప్సరసలు వాల్మీకి కూర్చిన రూపకమును ప్రదర్శింతురు. అందు సీత కష్టములను చూచి రాముడు మూర్ఛిల్లును. పిదప అరుంధతి సమక్షమున నిజమైన సీతయే వచ్చి యతనిని చేరును. భవభూతి ఆదికావ్యమున నొక తాళపత్రమును కోయలేదు. తన నాటకమును తన పేరుతో వేరుగ వ్రాసెను. వాల్మీకి వాల్మీకిగా నిలిచెను. భవభూతి భవభూతిగా నిలిచెను. వియోగము కావలసినవారు అందు చదువుకొనవచ్చును, సమాగమము కోరువారు ఇందు చదువుకొనవచ్చును.

నేటి బాలబాలికలకు తెలిసిన దృష్టాంతము మరియొకటి గలదు. ‘హారీ పాటర్’ నవలలు ఏడును 1997 మొదలు 2007 వరకు వెలువడినవి. హెర్మియోని హారీకే తగినదని కొందరును, రాన్‌కే తగినదని కొందరును రెండు పక్షములై పోరాడిరి. గ్రంథకర్త్రి రౌలింగ్ ఆమెను రాన్‌కిచ్చి కథ ముగించినది. తీరా 2014 లో నొక సంభాషణమున, ఆ జంటను సాహిత్య కారణములచేత గాక తన కోరికకొలది కూర్చితినని ఆమెయే పలికినది. ఒక పక్షమువారు ఉప్పొంగిరి. గెలిచితిమనుకొన్న రెండవ పక్షమువారు నొచ్చుకొనిరి. కాని పుస్తకమున నొక్క యక్షరమైనను మారినదా? లేదు. అచ్చయిన పిదప కథ, వ్రాసినవారికిని లొంగదు.

ఇన్ని ఉదాహరణములనుండి మాకు తోచిన మాటలు మూడు.

మొదటిది: కథలోని జంట విడిపోయినందులకు దుఃఖించుట వెర్రితనము కాదు. తలిదండ్రులారా! బిడ్డ పుస్తకము మూసి ఏడ్చినపుడు, “అది కట్టుకథయే గదా” యని కొట్టివేయకుడు. కట్టుకథయని ఆ బిడ్డకును తెలియును. రిచర్డుసన్ పాఠకురాలును, భవభూతి మహాకవియు తెలియకయా బాధపడిరి? ఇతరుల సుఖదుఃఖములను తనవిగా నెంచు శక్తి ఆ కన్నీటిలో నున్నది. దానిని నవ్వి చంపినచో, రేపు ప్రక్కయింటివారి కష్టమును చూచి కరుగవలసిన హృదయమును మనమే రాయి చేసినవార మగుదుము. ఏ పుట యొద్ద ఏడుపు వచ్చినది, ఎందుకు వచ్చినది యని కూర్చుండబెట్టుకొని యడుగుడు. జవాబు చెప్పబూనిననాడే బిడ్డ నిజముగా చదువ నేర్చినది.

రెండవది: గ్రంథకర్త తన కథను తన యిష్టము వచ్చినట్లు ముగించుటకు హక్కు గలవాడు, పాఠకుడు దానిని ఒప్పుకొనకుండుటకు హక్కు గలవాడు. ఈ రెండు హక్కులును ఒకదానినొకటి చంపవలసిన పని లేదు. ఒకరు నచ్చిన ప్రకరణము దాక చదివి పుస్తకము మూయుదురు. మరియొకరు మొదటినుండి తిరిగి చదివి, విడిపోవుటకు బీజములు ముందే యున్నవా యని వెదకుదురు. వేరొకరు తమ నోటుపుస్తకమున వేరు ముగింపు వ్రాసికొందురు. ఈ మూడును మంచి మార్గములే. చివరిది మరియు మంచిది. ఏలయన, వ్రాయబూనినవానికే కథను ముగించుట యెంత కష్టమో తెలియును. గ్రంథకర్తను దూషించుటయు, ఎయిమీని మెచ్చిన స్నేహితురాలితో మాటలు మానుటయు, పాత్ర ధరించిన నటులను నిందించుటయు మాత్రము తగవు. మన ప్రేమ ఎదుటివారిపై ద్వేషముగా మారిన క్షణమున, మనము ప్రేమించిన జంటకే యవమానము.

మూడవది: నీ ముగింపును నీవు వ్రాసికొనుము, ఇతరుల పుస్తకమునుండి వారి ముగింపును కోసివేయకుము. గ్రంథాలయపు పుస్తకము ఒకరిది కాదు. తన తరువాత చదువబోవు బాలిక, ఆ పుటలు చదివి సంతోషించునో, దుఃఖించునో, అది నిర్ణయించుకొనుటకు ఆ బాలికకు అధికారము గలదు. బ్లేడు పట్టిన చేయి లారీకి శిక్ష విధింపలేదు, ఆల్కాట్‌కు విధింపలేదు. ముఖమైనను ఎరుగని యొక తోటి విద్యార్థినికి విధించినది. నిజముగా, మన బాలిక తరువాత ఆ పుస్తకము తీసికొన్న ఎనిమిదవ తరగతి పిల్ల, లారీ హఠాత్తుగా ఎయిమీ భర్తయై తిరిగివచ్చుట చూచి, యిది ఎట్లు జరిగినదో తెలియక కలత చెంది, ఎవరిని అడుగుటకును సిగ్గుపడి మిన్నకున్నదట.

ఆ సంగతి చెప్పినపుడే మన బాలిక మొదటిసారి తలవంచినది. జరిమానా వేయుటకు బదులు, మరియొక ప్రతినుండి ఆ ప్రకరణమంతయు తన చేతితో వ్రాసి పుస్తకమున నంటింపుమని చెప్పితిమి. నాలుగు సాయంకాలములు పఠనమందిరమున గూర్చుండి వ్రాసినది. ముగించిన దినమున, “ఇప్పుడు నచ్చినదా?” యని యడిగితిమి. “నచ్చలేదండీ. కాని జో యేల వద్దన్నదో తెలిసినది. ఇద్దరివి ఒకటే కోపము” అన్నది. ఆ జవాబు విని మేము సంతసించితిమి. నచ్చవలెనని మేము కోరలేదు, చదువవలెనని కోరితిమి.

ఆమె చేతివ్రాత పుటలు ఇప్పుడు ఆ పుస్తకముననే యున్నవి. ఆమె వ్రాసికొన్న వేరు ముగింపును కూడ మేము చూచితిమి. అందు జో, లారీలు పెండ్లాడి, మూడవ దినముననే పోట్లాడుకొందురు! అది పుస్తకమున నంటింపలేదు. ఆమె నోటుపుస్తకముననే భద్రముగా నున్నది. దానికి తగిన చోటు అదియే. విద్యార్థులారా! మీకు నచ్చని ముగింపులు మీకును ఎదురగును. అపుడు బ్లేడు వెదకకుడు, కలము వెదకుడు.