చపాట మిర్చికి పేరు వచ్చింది, ఇక ప్రమాణం రావాలి

వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ, మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానం కలిసి సాగించిన కృషికి ఫలితమిది. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల రైతులు ఏటేటా విత్తనం దాచుకుంటూ నిలబెట్టుకున్న పంటకు చట్టబద్ధమైన పేరు దక్కింది. ఇది హర్షించదగిన విషయం. అయితే వైద్యునిగా నాకు తోచే ప్రశ్న వేరు. ఆ పేరు చూసి కొన్న కారం మన ఇంటిల్లిపాదికీ సురక్షితమని నమ్మవచ్చునా? పేరు ఒక్కటే ఆ హామీ ఇవ్వజాలదని నా అభిప్రాయం. ఇచ్చేలా చేయడం మాత్రం మన చేతిలోని పనే.

చపాట కాయ పొట్టిగా, లావుగా, టమాటాను తలపించేలా ఉంటుంది. అందుకే దీనిని టమాటా మిర్చి అని కూడా అంటారు. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. పచ్చళ్లకు ఇంపైన రంగునిస్తుంది. దీని నుండి తీసే సహజ వర్ణద్రవ్యానికి ఆహార పరిశ్రమలో గిరాకీ ఉన్నది. కృత్రిమ రంగులకు బదులు వాడదగిన ఎరుపు మన పొలాలలోనే పండుతున్నదంటే ఆరోగ్యరీత్యా అది చిన్న సంగతి కాదు.

కానీ చిక్కు కూడా ఆ రంగులోనే ఉన్నది. రంగుకు ధర పలికిన చోట రంగు కలిపేవారు పుట్టుకొస్తారు. భారతదేశం నుండి వెళ్లిన మిరప ఉత్పత్తులలో సుడాన్ అనే పారిశ్రామిక రంగు బయటపడడంతో 2003లో ఐరోపా సమాఖ్య కఠిన నిబంధనలు విధించింది. అదే రంగు కలిసిన కారం కారణంగా 2005లో బ్రిటన్‌లో వందలాది ఆహార పదార్థాలను దుకాణాల నుండి వెనక్కు తీసుకున్నారు. ప్రయోగ జంతువులలో కణితులకు దారితీసిన ఈ రంగును ఆహారంలో వాడడం మన దేశంలోనూ నిషిద్ధం. గ్లాసు నీటిలో కారం వేసి రంగు చారలుగా దిగుతున్నదా అని చూసే పరీక్ష మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అది నీటిలో కరిగే రంగులనే పట్టిస్తుంది. సుడాన్ నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. కనుక దానిని ప్రయోగశాల మాత్రమే తేల్చగలదు.

రెండవ ప్రమాదం ఎవరూ కలపనిది, దానంతట అదే పుట్టేది. కల్లంలో సరిగా ఎండని కాయకు, అకాల వర్షానికి తడిసిన కాయకు బూజు పడుతుంది. కొన్ని బూజుల నుండి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఇది కాలేయ క్యాన్సర్‌కు కారకమని శాస్త్రం నిర్ధారించింది. మనం వంటకు వాడే వేడికి ఇది పూర్తిగా నశించదు. తాలు కాయను, బూజు కాయను ఏరిపారేయక మంచి కాయతో కలిపి మరపట్టిస్తే ఆ పొడిని చూసి మీరు గానీ నేను గానీ పోల్చుకోలేము. మూడవది పురుగుమందుల అవశేషాలు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిరప రైతులను నిలువునా ముంచింది. చేతికందిన మందునల్లా వరుసగా పిచికారీ చేసిన రైతును నిందించలేము. అయినా ఆ అవశేషం చేరేది మన కంచంలోకే.

ఇప్పుడు చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాం. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చింది. చెన్నైలోని కార్యాలయం నమోదు చేస్తుంది. నమోదు పదేళ్లు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి. సరుకు ఫలానా ప్రాంతానిదని, ఆ ప్రాంతం వల్ల దానికి ఫలానా గుణం వచ్చిందని ఈ గుర్తింపు చెబుతుంది. ఈ ఏటి బస్తాలో బూజు లేదని, మందు మిగలలేదని అది చెప్పదు. జనగామ పాఠకులకు ఈ గుర్తింపు కొత్త కాదు, పెంబర్తి లోహ కళకు అది ఎప్పుడో వచ్చింది. కానీ ఇత్తడి పాత్రను కంటితో చూసి, చేతితో తడిమి నాణ్యత పోల్చవచ్చు. కారంపొడి విషయంలో ఆ వీలు లేదు.

కాబట్టి పేరు వాడుకునే రైతులందరూ ఉమ్మడిగా ఒక ప్రమాణానికి కట్టుబడాలి. మొదటిది విత్తనం. మిరపలో పరపరాగ సంపర్కం జరుగుతుంది. పక్క చేనులో తేజ రకం ఉంటే చపాట విత్తనం కలుషితమై మరుసటి ఏడు ఘాటు మారవచ్చు. అందుచేత విత్తనపు చేను వేరుగా ఉండాలి. రెండవది ఎండబెట్టడం. నేల మీద కాక పట్టాల మీద ఆరబోయాలి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించరాదు. మూడవది ప్రతి రాశికీ పరీక్ష, సంచి మీద ఆ రాశి సంఖ్య.

ఇటలీలో పార్మిజానో జున్ను తయారీదారుల సంఘం ఇటువంటి పనే చేస్తున్నది. కనీసం పన్నెండు నెలలు మాగిన తరువాత ప్రతి జున్ను చక్రాన్నీ పరీక్షిస్తారు. తగని దాని పైనుండి ఆ పేరును చెరిపివేస్తారు. తమ పేరును తామే తీసివేయగల కట్టుబాటు ఉన్నది గనుకనే ఆ పేరుకు విలువ నిలిచింది.

రెండెకరాల రైతు ఇంత ఖర్చు భరించగలడా అని మీరు అడగవచ్చు. ఒంటరిగా భరించలేడు. అందుకే ఉత్పత్తిదారుల కంపెనీ పలువురి సరుకును ఒక రాశిగా చేర్చి పరీక్షించాలి. ఆ ఖర్చులో ప్రభుత్వం పాలుపంచుకోవాలి. సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రయోగశాల గుంటూరులో ఉన్నది. భూపాలపల్లి రైతు అంత దూరం పోనక్కరలేకుండా ఏనుమాముల, కేసముద్రం మార్కెట్లలోనే నమూనాలు సేకరించే ఏర్పాటు చేయవచ్చు. పరీక్షలో నెగ్గిన సరుకుకు నాలుగు రూపాయలు ఎక్కువ దక్కకపోతే మాత్రం ఏ ప్రమాణమూ నిలవదు.

ఆ నాలుగు రూపాయలు ఇవ్వవలసింది మనమే. వీలైనంత వరకు కాయ కొని, తొడిమ తీసి, బూజు కాయ ఏరివేసి మరపట్టించుకోండి. పొడి కొంటే విడిగా అమ్మేది వద్దు. చపాట అని అమ్మే దుకాణదారుని గుర్తింపు ముద్ర ఏదని, ఏ రాశి సరుకని, పరీక్ష జరిగిందా అని అడగండి. ఘాటు తక్కువ గనుక ఇది కడుపు మంటకు మందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది మంచి మిరపకాయ, ఔషధం కాదు. ఈ సంక్రాంతి తరువాత కొత్త కాయ మార్కెట్టుకు వచ్చినప్పుడు పదిమంది కొనుగోలుదారులు ఈ ప్రశ్నలు అడిగినా, పదకొండవ వానికి సమాధానం సిద్ధంగా ఉంచుకోవలసిన అవసరం అమ్మేవారికి కలుగుతుంది.