కొండ యెక్కిన సేన

కొండ యెక్కించినంత మాత్రమున సైనికదళమునకు ధైర్యము హెచ్చునా? ఈ ప్రశ్న వేయుటకు కారణము గలదు. నేడు సైన్యములందే గాక విద్యార్థుల ఎన్.సి.సి. శిబిరములందును కొండ యెక్కుట శిక్షణలో నొక భాగముగా నున్నది. అందరును కలిసి యెక్కిరి గావున నందరును ఒక్కటైరని నాయకులు తలంచుట సహజము. ఈ తలంపు సగమే నిజమని మా యభిప్రాయము. ఇందులకు అమెరికాదేశపు యుద్ధచరిత్రలో నొక మంచి తార్కాణము గలదు.

జార్జియా రాష్ట్రమున టొక్కోవా పట్టణము చెంత కరాహీ యను కొండ యున్నది. దాని యెత్తు సుమారు 1,700 అడుగులు. మన తిరుమల యంతటిదైనను గాదు. 1942లో అమెరికా ప్రభుత్వము విమానములనుండి పారాచూట్లతో దూకి పోరాడుటకై 506వ రెజిమెంటును ఆ కొండ క్రిందనే కూర్చెను. దానికి అధిపతి కర్నల్ రాబర్ట్ సింక్. చేరినవారు అంతకుముందు కత్తి పట్టి యెరుగని పౌరులు, స్వచ్ఛందముగా వచ్చినవారు. వారు మూడు మైళ్లు పైకి, మూడు మైళ్లు క్రిందికి ఆ కొండను పరుగున ఎక్కి దిగవలెను. ఐదువేలకు పైగా వచ్చిన సామాన్య సైనికులలో తుదకు నిలిచినవారు సుమారు 1,800 మంది. ఆ యేటి డిసెంబరులో రెండవ పటాలము వానలో, బురదలో 118 మైళ్లు నడిచి, 75 గంటలలో అట్లాంటా నగరము చేరెను.

ఇంతవరకు కథ కొండకు అనుకూలముగనే యున్నది. కాని అదే రెజిమెంటులో నొక కంపెనీ కథను కూడ చెప్పవలెను. దాని కెప్టెన్ తన మనుష్యులను కొండ యెక్కించుటయే గాక, తానును వారితో పరుగెత్తెను. శ్రమకు వెనుదీసినవాడు గాడు. అయినను అతడు కొండను శిక్షగా వాడెను. చిన్న తప్పులకు పెద్ద దండనలు విధించెను. అవమానించుటయే క్రమశిక్షణ యని భ్రమించెను. ఫలితమేమి? ఆ కంపెనీ ఒక్కటైనది; కాని అతని వెనుక గాదు, అతనికి ఎదురుగా! 1943లో ఇంగ్లండులో నుండగా, ఆ కంపెనీ సార్జంట్లు అతని వెంట యుద్ధమునకు పోవుటకంటె తమ పదవులను వదలుకొందుమని వ్రాసి యిచ్చిరి. కర్నల్ వారిని మందలించెను. కాని కెప్టెనును కూడ అచ్చటనుండి మార్చెను. ఆ కఠినశిక్షణయే తమ్ము బ్రతికించినదని పిమ్మట ఒప్పుకొన్నవారును గలరు. ఆ మాటను మేము దాచము. అయినను శరీరమునకు బలము నిచ్చినవాడు మనస్సులను గెలువలేకపోయెననుట సత్యము.

1944 జూన్ 6న నార్మండీలో చీకటిలో దూకినపుడును, ఆ డిసెంబరులో బాస్టోన్ పట్టణమున శత్రువులు చుట్టుముట్టినపుడును, ఈ రెజిమెంటు చెక్కుచెదరలేదు. ప్రక్కవాడు వదలిపోడను నమ్మకము వారిని నిలిపినది. ఆ నమ్మకమునకు బీజము కొండమీద పడినదనుటలో మాకు సందేహము లేదు. కొండ యైక్యమును కలిగించును. ఆ యైక్యము నాయకునితో కలియునా, అతనికి ఎదురు నిలుచునా యనునది కొండ చేతిలో లేదు. నాయకుని చేతిలో నున్నది.

మరియొక విషయము. కరాహీ యనునది చెరోకీ జాతివారి మాట. ఒంటరిగా నిలుచునదని దాని యర్థమని చెప్పుదురు. సైనికులు దానినే తమ రణనినాదముగా చేసికొనిరి. కాని ఆ పేరు పెట్టిన జాతిని 1838లో ప్రభుత్వమే సైన్యమును పంపి ఆ ప్రాంతమునుండి పడమటికి తరిమివేసెను. 1942లో ఆ కొండను కలిసి యెక్కినవారిలో నల్లజాతివాడొక్కడును లేడు. వారిని వేరు దళములలో నుంచిరి. ఆ భేదమును తొలగింపుమని ట్రూమన్ అధ్యక్షుడు ఉత్తర్వు చేసినది యుద్ధము ముగిసిన పిమ్మట, 1948 జూలై 26న. కలిసి యెక్కుదమనుట సులభము. కలిసినవారెవరని అడుగుట కష్టము.

మన శిబిరములను నడపు పెద్దలకు మేము విన్నవించునది యింతే. పిల్లలను కొండ యెక్కింపుడు; తప్పక యెక్కింపుడు. కాని దానిని శిక్ష చేయకుడు. వెనుకబడినవానిని నవ్వులపాలు చేయకుడు. వాని మూట మరియొకడు మోసినపుడే దళము పుట్టినదని తెలిసికొనుడు. ఆ వరుసలో కులమును, ధనమును చూచి యెవ్వరిని వేరుపరుపకుడు. శిఖరమున తీయించుకొన్న ఛాయాచిత్రము గోడమీద నుండును. దారిలో నొకరికొకరు అందించిన నీరు జీవితాంతము జ్ఞాపకముండును. ఆపదకాలమున దేశమునకు అక్కరకు వచ్చునది ఈ రెండవదియే.