ఇంగ్లీషు మాటకు తెలుగు వ్యాకరణం తోడు

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఈ ప్రాంతపు యువతకు ఇంగ్లీషు అవసరం ఇంటి ముంగిటికే వచ్చింది. హిందూపురం నుంచి బెంగళూరుకు కొలువుకు వెళ్లాలన్నా, ధర్మవరం పట్టుచీరను దూరదేశాల్లో అమ్మాలన్నా ఆ భాష కావాలి. అయినా మన బడుల్లో చాలాచోట్ల ఇంగ్లీషు మాటలను ఇంకా జాబితాలుగా బట్టీ పట్టిస్తున్నాం.

మాటలకు కుటుంబాలున్నాయి. ‘ఎంప్లాయ్’ ఒక్కటి తెలిస్తే పని ఇచ్చేవారు ఎంప్లాయర్, చేసేవారు ఎంప్లాయీ, ఉద్యోగం ఎంప్లాయ్‌మెంట్, నిరుద్యోగం అన్‌ఎంప్లాయ్‌మెంట్. నేయడం ‘వీవ్’, నేసేవారు ‘వీవర్’ అని మగ్గం ఇంటి పిల్లలకు చెబితే వర్కర్, డ్రైవర్, టీచర్ ఎలా పుట్టాయో వాళ్లే చెబుతారు.

మాటను ఇలా విడదీసి చూసే విద్య మనకు పాతదే. ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం చూపించి ఉపసర్గ అర్థాన్ని ఎంత మారుస్తుందో మన పండితులు తరతరాలుగా బోధించారు. మంచితనం, వేటగాడు, నేర్పరి వంటి మాటల్లో తెలుగు ప్రత్యయాలు రోజూ మన నోట పలుకుతున్నాయి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఇలా ప్రత్యయాలు చేరి ఏర్పడే తద్ధితానికీ కృదంతానికీ విడివిడిగా పరిచ్ఛేదాలున్నాయి. ‘అనుచితం’లోని అన్, ఇంగ్లీషు అన్, లాటిన్ నుంచి వచ్చిన ఇన్ ఒకే మూలం నుంచి పుట్టినవని భాషాశాస్త్రం తేల్చింది. ఉత్, లాసం కలిసి ఉల్లాసమైనట్టే ఇన్, లీగల్ కలిసి ఇల్లీగల్ అయింది. ఈ సంధి పట్టుబడిన విద్యార్థి అక్కడ రెండు ‘ఎల్’లు ఎందుకో మరచిపోడు.

అయితే సూత్రం ఒక్కటే చాలదు. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెలకట్టలేనంత విలువైనది. ఇన్‌ఫ్లేమబుల్ అంటే తేలిగ్గా అంటుకునేది. ఆ మాట రాసి ఉన్న డబ్బాను మండదనుకుని నిప్పు దగ్గర పెడితే ప్రాణాలకే ముప్పు. మాటను విడదీసి ఊహించాలి, వాక్యంలో పెట్టి సరిచూడాలి, నిఘంటువులో నిర్ధారించుకోవాలి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉపాధ్యాయులకు మా విన్నపం ఒక్కటే. తెలుగు తరగతిలో ఉపసర్గ చెప్పిన వారమే ఇంగ్లీషు తరగతిలో ప్రిఫిక్స్ చెప్పండి. ప్రత్యయం చెప్పినప్పుడు సఫిక్స్ చెప్పండి. ఇద్దరు ఉపాధ్యాయులూ కలిసి కూర్చుని పాఠం సిద్ధం చేసుకోండి. తల్లిభాష వ్యాకరణం బాగా వచ్చిన పిల్లలకు పరభాష భయం ఉండదు.