అప్పీలు హక్కు డాక్టరుకేనా?

అంటరానితనంతో ఒక దళిత మహిళను ఆసుపత్రిలో చేర్చుకోకపోతే, 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 5 కింద నేరం. కానీ ఆ డాక్టరు రిజిస్ట్రేషన్‌పై చర్య తీసుకోవాల్సింది రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. అక్కడ ఫిర్యాదు కొట్టేస్తే? పాత ఎంసీఐ నిబంధనల్లో ఫిర్యాదుదారు కూడా 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం సెక్షన్ 30(3)లో మాత్రం అప్పీలు హక్కు డాక్టరుకే ఉంది. రోగి ప్రస్తావనే లేదు. దాన్ని చూపే కమిషన్ రోగుల అప్పీళ్లను తిప్పిపంపింది.

హైకోర్టు ఉంది కదా అంటారు. కూలి మానుకుని ఆమె రిట్ వేయగలదా? విచారించేది ప్రధానంగా డాక్టర్లే, పైకి వెళ్లే దారీ డాక్టర్లకే. సెక్షన్ 30ని సవరించి ఫిర్యాదుదారులకూ అప్పీలు హక్కు ఇవ్వాలని మేం డిమాండ్ చేస్తున్నాం.