పాదం వంపు కుంగితే కీళ్ళకు చేటు

ప్రశ్న: నా వయసు 49. ఏడాదిగా కుడికాలి చీలమండ లోపలివైపు నొప్పి, సాయంత్రానికి వాపు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోతున్నాను. ఆ కాలి చెప్పు లోపలివైపే అరిగిపోతోంది. మడమ పక్కకి ఒరిగిందని మా అమ్మాయి అంటోంది. మావారేమో "వయసు మీద పడుతోంది, మామూలే" అంటారు. పెద్దయ్యాక కూడా పాదం చదునవుతుందా?
– ఒక సోదరి

జవాబు: అవుతుందమ్మా. మామూలే అని వదిలేయకండి. నలభై దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. స్థూలకాయం, మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ.

పిక్క నుంచి ఒక స్నాయువు చీలమండ లోపలి ఎముక వెనకగా దిగి, పాదం మధ్యలో అతుక్కుంటుంది. పందిరిని లాగిపట్టిన తాడులా అది పాదం వంపును నిలబెడుతుంది. ఆ తాడు అరిగి సాగిందంటే వంపు కుంగుతుంది, మడమ బయటికి ఒరుగుతుంది.

అక్కడితో ఆగదు. మడమ ఒరిగేసరికి దాని పైనున్న కీలు మీద బరువు సమంగా పడదు. ఎముకలు ఒరుసుకుని, నొప్పి లోపలివైపు నుంచి బయటివైపుకి మారుతుంది. లోపలి నొప్పి తగ్గిందని సంబరపడితే పొరపాటే! క్రమంగా కీళ్ళు అరిగి బిగుసుకుపోతాయి. చివరికి చీలమండ కీలు కూడా ఒరిగిపోవచ్చు.

ఇంట్లోనే చూసుకోండి. తడికాలితో గచ్చు మీద అడుగు వేయండి. మధ్యలో ఖాళీ లేకుండా అరికాలంతా అచ్చు పడితే వంపు తగ్గినట్టే. గోడ పట్టుకుని, నొప్పి ఉన్న కాలి మీదే నిలబడి మడమ ఎత్తి చూడండి. ఎత్తలేకపోతే స్నాయువు బలహీనపడిందని అనుమానించాలి. మీ అమ్మాయిని వెనక నుంచి చూడమనండి. ఆ కాలికి చిటికెనవేలి వైపు వేళ్ళు రెండో కాలికన్నా ఎక్కువ కనిపిస్తే అదీ ఒక గుర్తే.

ఆలస్యం చేయక ఎముకల డాక్టరుకు చూపించండి. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తారు. తొలిదశలో విశ్రాంతి, వంపుకు ఆసరా ఇచ్చే చెప్పులు, డాక్టరు చెప్పిన వ్యాయామాలతో చాలామందికి ఆపరేషన్ అవసరం రాదు. కొందరికి కొన్ని వారాలు కట్టు వేస్తారు. ముదిరినా, కీలు ఇంకా మెత్తగా కదులుతుంటే ఆపరేషన్‌తో స్నాయువునూ ఎముకనూ సరిచేసి కీలు కదలికను చాలావరకు కాపాడవచ్చు. బిగుసుకుపోయాక మాత్రం కీలును అతికించాల్సి రావచ్చు. నొప్పి తగ్గినా, పోయిన కదలిక తిరిగి రాదు. అందుకే తొందరపడమంటున్నాను.

ఈలోగా ఇంట్లో కూడా ఆసరా ఉన్న చెప్పులు వేసుకోండి. కూరలు కుర్చీలో కూర్చుని తరుక్కోండి. బరువు ఎక్కువుంటే తగ్గించుకోండి. నొప్పి మాత్రలు సొంతంగా మింగుతూ రోజులు గడపకండి.

పసిపిల్లల తల్లులకు ఒక మాట. చిన్నపిల్లల పాదాలు చదునుగా ఉండటం సహజం. పెరిగేకొద్దీ వంపు వస్తుంది. నొప్పి లేకుండా, మునివేళ్ళ మీద నిలబడినప్పుడు వంపు కనిపిస్తుంటే బెంగ అక్కర్లేదు.