కారు ఈఎంఐ ఆగదు, కన్నపిల్ల ఖర్చు ఎందుకాగుతుంది?

విడాకులు తప్పని నేననను. పొసగనప్పుడు రోజూ కొట్టుకు చావడం కన్నా విడిపోవడమే మేలు. కానీ ఆఫీసు క్యాంటీన్లలో టీ తాగుతూ మనవాళ్ళు చెప్పే ఓ డైలాగు వింటే మాత్రం ఒళ్ళు మండుతుంది. "పిల్లని పూర్తిగా ఆవిడకే ఇచ్చేశారు కదా, ఇంక నేను డబ్బులు కట్టడమేంటి?"

అంటే, పిల్ల ఏమన్నా ప్లాటా? మన పేరు మీంచి పోయింది కాబట్టి పన్ను కూడా కట్టక్కర్లేదనుకోడానికి?

అసలు లెక్క సరిగ్గా దీనికి రివర్సు. కస్టడీ పూర్తిగా ఒకరికే వెళ్ళిందంటే చాకిరీ కూడా పూర్తిగా వాళ్ళదే అన్నమాట. పొద్దున్నే లేపి బడికి తయారు చెయ్యడం, జ్వరమొస్తే సెలవు పెట్టడం, అర్ధరాత్రి వాంతి చేసుకుంటే దుప్పట్లు మార్చడం, పేరెంట్స్ మీటింగులో తిట్లు తినడం. వీటికెవరూ వెలకట్టట్లేదు. ఇవేవీ చెయ్యని రెండో మనిషి వంతుకి మిగిలింది డబ్బొక్కటే. అదీ ఎగ్గొడితే ఇక నాన్న అనే మాట స్కూలు అప్లికేషన్‌లో ఓ గడి నింపడానికి తప్ప దేనికీ పనికిరాదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 20 ప్రకారం మైనర్ పిల్లల్ని పోషించాల్సిన బాధ్యత తల్లిదండ్రులిద్దరిదీ. కస్టడీ ఉన్నవాళ్ళే పోషించాలని అందులో ఎక్కడా లేదు. మతంతో సంబంధం లేకుండా అందరికీ వర్తించే పాత సీఆర్‌పీసీ 125 ఉండనే ఉంది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 144 వచ్చింది. నంబరు మారింది గానీ బాధ్యత మారలేదు.

"ఆవిడ కూడా ఉద్యోగం చేస్తోంది కదా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి సుప్రీంకోర్టు 2000లోనే పద్మజా శర్మ కేసులో జవాబు చెప్పింది. ఇద్దరూ ఉద్యోగస్తులైతే పిల్లల ఖర్చు ఇద్దరూ జీతాల నిష్పత్తిలో పంచుకోవాలి. ఆ కేసులో అది తండ్రికి రెండు వంతులు, తల్లికి ఒక వంతు అయింది. అంటే ఆవిడ సంపాదిస్తే మీ వాటా తగ్గుతుంది, సున్నా అయిపోదు. ఇదే సూత్రం అటువైపూ పనిచేస్తుంది. పిల్లాడు తండ్రి దగ్గరుండి, తల్లి సంపాదిస్తుంటే ఆవిడా కట్టాల్సిందే. నేను ఆడవాళ్ళ పార్టీ, మగవాళ్ళ పార్టీ అనట్లేదు బాబూ, పిల్లల పార్టీ అంటున్నా.

"డబ్బులు తీసుకుంటుంది గానీ పిల్లని చూపించదు" అనేది ఇంకోటి. ఇది నిజంగా జరుగుతోంది, చాలా దుర్మార్గం కూడా. అలాంటప్పుడు కోర్టుకెళ్ళి పిల్లని కలిసే హక్కు సాధించుకోండి, నేనూ మీ వైపే. కానీ దానికీ ఫీజు ఆపడానికీ లింకు పెట్టకండి. టికెట్టు కొంటేనే బొమ్మ చూపిస్తాం అనడానికి అదేమన్నా సినిమా హాలా? మీరు ఆపేది మీ మాజీ భార్య జీతాన్ని కాదు, పిల్ల స్కూలు ఫీజుని.

సరే, అసలు విషయానికొస్తాను. మన దగ్గర ఆర్డరు తెచ్చుకోవడం ఒకెత్తు, వసూలు చేసుకోవడం పదెత్తులు. నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర మనోవర్తి తేల్చాలని చట్టంలో రాసుంది, "వీలైనంతవరకు" అన్న మాట తగిలించి మరీ. ఆదాయం దాచిపెట్టడం మామూలైపోయిందనే 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు, ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలనీ, మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకట్టాలనీ చెప్పింది. బానే ఉంది. అయినా అవతలివాడు కట్టకపోతే? వారంటు కోసం మళ్ళీ దరఖాస్తు, అదీ బాకీ పడ్డ ఏడాదిలోపే. ఉద్యోగం, పిల్ల, వాయిదాలు, లాయరు ఫీజు అన్నీ మోస్తూ ఆవిడే తిరగాలి. జైలుకెళ్ళొచ్చినంత మాత్రాన బాకీ తీరదని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ జైలు వల్ల పాల ప్యాకెట్టు రాదు కదండీ.

నేను అడిగేది చిన్న విషయం. మనం నెలజీతగాళ్ళం. టీడీఎస్ మనల్ని అడక్కుండానే కోస్తారు. పీఎఫ్ కోస్తారు. కారు ఈఎంఐ తారీకు రాగానే అకౌంట్లోంచి మాయమవుతుంది. మరి కోర్టు ఆర్డరున్న పిల్ల డబ్బు ఒక్కటే "మూడ్ బాగుంటే ఇస్తా" పద్ధతిలో ఎందుకుండాలి? ఆర్డరు వచ్చిన రోజే కాపీ కంపెనీకి వెళ్ళాలి, పేస్లిప్‌లో ఓ లైను పెరగాలి, అంతే. అమెరికాలో 1988 చట్టంతో మొదలుపెట్టి 1994 కల్లా కొత్త ఆర్డర్లకి జీతంలోంచి కోయడమే మామూలు పద్ధతి చేశారు. అక్కడ పనిచేసే మనవాళ్ళకీ అదే రూలు. అక్కడ నోరెత్తకుండా కట్టేవాళ్ళకి ఇక్కడేం కష్టం?

మన చట్టంలోనూ దారి లేకపోలేదు. మనోవర్తి డిక్రీకైతే జీతంలో మూడో వంతు వదిలి మిగతాది జప్తు చేసే వీలు సీపీసీ సెక్షన్ 60లో ఉంది. కానీ అది ఎగ్గొట్టాక, అడిగినవాళ్ళకి మాత్రమే. నేను కోరేది మొదటి నెల నుంచే, అడక్కుండానే.

"హెచ్చార్‌కి నా ఇంటి గొడవ తెలుస్తుంది" అంటారా? మీ ఇంటద్దె రసీదులు, హోమ్ లోను కాయితాలూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఉద్యోగం పోతే? మొత్తం మార్చమని అడగడానికి సెక్షన్ 146 ఉంది, దర్జాగా అడగండి. వ్యాపారస్తుల సంగతి? వాళ్ళకి ఇది పనిచెయ్యదు, ఒప్పుకుంటా. అలాగని జీతగాళ్ళని వదిలెయ్యక్కర్లేదు. ముందు దొరికేవాళ్ళ దగ్గర మొదలుపెడదాం.

బ్యాంకువాడికి మనం ఒక్క నెల కూడా బాకీ పడం, ఎందుకంటే వాడు మన మంచితనాన్ని నమ్ముకోలేదు. అయిదేళ్ళ పిల్లని మాత్రం దాన్నే నమ్ముకోమంటున్నాం. కాదంటారా?